ప్రహరీ వారన ఏళ్ల తరబడి పూసే మొక్కలు ఏవి వేసుకోవాలి?

ఏటా బంతి, చామంతి నారు తెచ్చి నాటడం, వేసవికి పీకి పారేయడం విసుగొచ్చిందన్నారు. ఒకసారి వేస్తే నాలుగైదేళ్లు నిలిచేవి చెప్పమన్నారు. మాది గుంటూరు. నల్లరేగడి నేల, ఉప్పగా ఉండే బోరు నీళ్లు, పడమటి ఎండంతా మా గోడకే. మీదీ ఇలాంటి చోటే అయితే నా అనుభవం పనికొస్తుంది.

మొదటిసారి సంక్రాంతి వెళ్లాక నర్సరీలో పూలతో కళకళలాడుతున్నవన్నీ ఆటోలో వేసుకొచ్చాను. జెర్బెరా, సాల్వియా, గులాబీలు. మే నెల రాకముందే ముప్పాతిక వంతు మాడిపోయాయి. రాత్రి పదింటికి కూడా గోడ సెగ కొడుతుంటే, షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కలు ఎక్కడ తట్టుకుంటాయి? ఆ వేసవిలోనే మా వీధిలో ఎవరూ పట్టించుకోని మొక్కల్లో ఏవి బతికున్నాయో చూసి, వాటినే తెచ్చుకున్నాను.

వెనక వరసలో నందివర్ధనం వేశాను. ఎంత కత్తిరించినా మళ్లీ గుబురుగా వస్తుంది. చిక్కల్లా తెల్లవారుజామున వాకింగ్‌కి వచ్చేవాళ్లతోనే. పూజకని గోడ మీదుగా చేయి చాపి కోసుకుపోతారు, మనకు మొగ్గలు మిగులుతాయి. హైవే డివైడర్ల మీద ఉండే గన్నేరు ఇంకా మొండిది కానీ, దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. చిన్నపిల్లలుంటే వద్దు.

మధ్య వరసలో నూరు వరహాలు, డిసెంబరాలు. నూరు వరహాలు నన్ను బాగా ఏడిపించాయి. ఈనెలు పచ్చగానే ఉండి లేతాకులు పసుపెక్కాయి. ఎరువు చాలలేదేమోనని ఇంకా వేశాను, ఏం లాభం లేకపోయింది. సున్నం ఎక్కువున్న నేలలో, ఉప్పు నీళ్లతో వాటికి ఇనుము అందదట. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, చల్లటి పూట వారం తేడాతో మూడుసార్లు పిచికారీ చేస్తే కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి. డిసెంబరాలకు ఇవేవీ అక్కర్లేదు. చలికాలం పూత అయిపోగానే సగానికి కత్తిరించి, ఆ ముక్కలు గుచ్చినా బతుకుతాయి.

ముందు అంచుకి బిళ్ళ గన్నేరు. మేకలు కూడా ముట్టవు. గింజ రాలి తనే మొలుస్తుంది కాబట్టి పాతది పోయినా చోటు ఖాళీగా ఉండదు. ఎండకు చావదు కానీ నీళ్లు నిలిస్తే కుళ్లి చస్తుంది. అందుకే రేగడి మీద ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి జానెడు ఎత్తు మడి కట్టాను. మధ్యమధ్యలో రెయిన్ లిల్లీ గడ్డలు పెట్టాను. మొదటి గట్టి వాన పడ్డ కొద్ది రోజులకే పూస్తాయి.

ఊదా పూల రువెలియా మాత్రం ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి. కాయ తడిస్తే టప్పున పేలి గింజలు చిమ్ముతుంది. ఇప్పటికీ పీకుతూనే ఉన్నాను.

నాటడం తొలకరిలో పెట్టుకోండి, వేర్లు దిగడానికి చాలా నెలలు దొరుకుతాయి. మొదటి వేసవి మొదళ్లలో ఎండుటాకులు పరిచి, రోజు విడిచి రోజు సాయంత్రం నీళ్లు పోయాలి. రెండో వేసవికి మావి వారానికి రెండు తడులతోనే నెట్టుకొచ్చాయి, ఒక్క కనకాంబరం తప్ప. దాన్ని వేప చెట్టు నీడకి మార్చేశాను.