బ్లాగులో పెట్టిన కథ పత్రికకు పనికిరాదా?
బ్లాగులో పెట్టిన కథను వారపత్రిక తిప్పి పంపిందని బాధపడుతున్నారు. లోపం మీ కథలో ఉందనుకోకండి. చాలా పత్రికలు ఎక్కడా ప్రచురితం కాలేదన్న హామీపత్రం అడుగుతాయి. వాటి లెక్కలో బ్లాగు కూడా ప్రచురణే. ఇప్పుడు తొలగించినా లాభం లేదు, అబద్ధపు హామీ అసలే వద్దు. పత్రికకు కొత్త కథ పంపి, ఫలితం తెలిసేదాకా బ్లాగు జోలికి పోకండి.

పాత కథలను మీ గొంతుతోనే చదివి పాడ్‌కాస్ట్ చేయండి. హక్కులు ఎవరికీ రాసివ్వలేదు కనుక అనుమతి అక్కరలేదు. ఇల్లు అలిపిరి దగ్గరంటున్నారు, తెల్లవారుజామున కూడా బస్సుల హారన్లు తప్పవు! కిటికీలు మూసి, దుప్పట్లు, పరుపులు ఉన్న గదిలో రికార్డు చేయండి. పది పన్నెండు కథలయ్యాక పుస్తకం వేయవచ్చు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) ఉచితమే; దానికి డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మకండి.