జవాబు: కాన్ఫెడరేట్ సైనికుడి ఖైదు వివరాలు ఎక్కడ వెతకాలి?

మీ కోడలి పూర్వీకుడు అమెరికా అంతర్యుద్ధంలో కాన్ఫెడరేట్ (దక్షిణాది) పక్షాన జార్జియా దళంలో చేరి 1864లో పట్టుబడ్డారని, యుద్ధం తర్వాత అలబామాలో స్థిరపడ్డారని, రెజిమెంటు తెలియదని రాశారు కదండీ.

ముందు అమెరికా ప్రభుత్వ నేషనల్ పార్క్ సర్వీస్ వారి సైనికుల డేటాబేస్‌లో పేరు కొట్టి చూడండి, ఉచితమే. ఒకే పేరుతో చాలామంది వస్తారు. రెజిమెంటులోని కంపెనీల్లో (చిన్న దళాల్లో) ఎక్కువమంది ఒకే కౌంటీవాళ్ళు (మన జిల్లా లాంటిది) కాబట్టి ఆయన సొంత కౌంటీని పట్టుకుని వడకట్టండి. పేరుకు బదులు పొడి అక్షరాలు, అడ్డదిడ్డమైన స్పెల్లింగులు మామూలే.

రెజిమెంటు దొరికాక నేషనల్ ఆర్కైవ్స్ (అమెరికా జాతీయ దస్తావేజుల భాండాగారం) లోని ఆయన సర్వీస్ రికార్డు చూడాలి. ఫోల్డ్‌త్రీ (Fold3) వెబ్‌సైట్‌లో స్కాన్లున్నాయి. ఆ రికార్డులో మొదటి కార్డు చూసి ఆగిపోకండి, అసలు సరుకు చివర్లోనే: ఎక్కడ పట్టుబడ్డారు, ఏ శిబిరానికి పంపారు, విధేయతా ప్రమాణం చేసి ఎప్పుడు విడుదలయ్యారు. ఖైదీల లెక్కలు రాసింది యూనియన్ (ఉత్తరాది) గుమాస్తాలు, అందుకే నా దృష్టిలో ఇవి కాన్ఫెడరేట్ హాజరు పట్టీలకన్నా నయం.

కార్డుల్లో ఖైదు ఊసు లేకపోతే నేషనల్ ఆర్కైవ్స్ వారి ఎం598 (M598) అనే మైక్రోఫిల్మ్ వరుస చూడండి. ఎల్మైరా, పాయింట్ లుకౌట్, క్యాంప్ డగ్లస్ వంటి శిబిరాల రిజిస్టర్లు అందులో ఉన్నాయి. జాన్సన్స్ ఐలాండ్ ఎక్కువగా అధికారులకు. మామూలు సిపాయి అయితే దాన్ని ఆఖరికి పెట్టుకోండి.

పెన్షన్ విషయంలో చాలామంది పొరబడతారు. కాన్ఫెడరేట్ పెన్షన్లు ఇచ్చింది వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం కాదు, దక్షిణాది రాష్ట్రాలు. అదీ దరఖాస్తు నాటికి నివసిస్తున్న రాష్ట్రం. కాబట్టి జార్జియాలో కాదు, మాంట్‌గోమరీలోని అలబామా ఆర్కైవ్స్‌లో అడగండి. ఆయన పేరున లేకపోతే భార్య వితంతువుగా పెట్టుకున్న దరఖాస్తు ఉందేమో చూడమనండి.