న్యూజెర్సీలో భర్త, గుంటూరులో పరాయివాడు

ఈ నెల న్యాయ సలహా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికాలో స్వలింగ వివాహం గురించే. ఇందులో చిక్కేమిటంటే అక్కడ కేంద్రానిది ఒక చట్టమైతే రాష్ట్రానిది మరొకటి, మన దేశానిది ఇంకొకటి. ఒక చోట చెల్లిన కాగితం ఇంకో చోట చెల్లకపోవచ్చు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. నేనూ నా స్నేహితురాలూ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. పెళ్లంటే ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్యే అని టెక్సస్ రాజ్యాంగంలో ఇప్పటికీ ఉందట. మరి మాకు లైసెన్స్ ఇస్తారా? రేపు సుప్రీంకోర్టు మాట మారిస్తే మా పెళ్లి ఏమవుతుంది?

ఇస్తారు. మీరు విన్నదీ నిజమే. 2005లో ఓటర్లు ఆమోదించిన ఆ సవరణ టెక్సస్ రాజ్యాంగం మొదటి అధికరణం 32వ సెక్షన్‌గా అక్కడే ఉంది. 2015 జూన్ 26న ఒబర్‌గెఫెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు స్వలింగ జంటలకూ పెళ్లి హక్కు ఉందని 5-4 తేడాతో తీర్పు చెప్పాక దాన్ని అమలు చేసే వీలు లేకుండా పోయింది. పుస్తకంలోంచి మాత్రం ఎవరూ తీసేయలేదు. మీ భయానికి మూలం అదే. 2022లో గర్భస్రావం కేసు తీర్పులో జస్టిస్ థామస్ విడిగా రాస్తూ ఒబర్‌గెఫెల్‌ను కూడా తిరిగి చూడాలన్నారు. అయితే లైసెన్సులు ఇవ్వనని మొండికేసిన కెంటకీ క్లర్క్ కిమ్ డేవిస్ ఆ తీర్పును కొట్టేయమని పిటిషన్ వేస్తే, 2025 నవంబర్ 10న సుప్రీంకోర్టు దాన్ని విచారణకు తీసుకోనేలేదు.

ఒకవేళ ఆ తీర్పు పోతే? అప్పుడు పనికొచ్చేది 2022 డిసెంబర్ 13న సంతకమైన 'రెస్పెక్ట్ ఫర్ మ్యారేజ్' చట్టం. చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. పెళ్లి లైసెన్సులు ఇవ్వమని ఈ చట్టం ఏ రాష్ట్రాన్నీ బలవంతపెట్టదు. చేసేది రెండే పనులు. ఒకటి, పెళ్లి జరిగిన రోజున, జరిగిన చోట అది చెల్లేదైతే కేంద్ర ప్రభుత్వం దాన్ని గుర్తించాలి. తర్వాత ఆ రాష్ట్రం చట్టం మార్చుకున్నా పాత పెళ్లికి ఢోకా లేదు. పన్నులు, సోషల్ సెక్యూరిటీ, ఇమిగ్రేషన్ అన్నీ దీనిమీదే నడుస్తాయి. రెండు, ఇతర రాష్ట్రంలో జరిగిన పెళ్లిని, దంపతులు ఒకే లింగం వారన్న కారణంతో ఏ రాష్ట్ర అధికారీ కాదనకూడదు. 'ఇతర రాష్ట్రంలో' అన్న మాట గమనించండి. టెక్సస్‌లోనే జరిగిన పెళ్లిని టెక్సస్ అధికారులే కాదంటే ఏమిటన్నది ఆ వాక్యం నేరుగా చెప్పదు. అందుకే న్యూ మెక్సికోకో కాలిఫోర్నియాకో వెళ్లి చేసుకుని వచ్చే జంటలున్నాయి. మా దృష్టిలో అది అతి జాగ్రత్తేమీ కాదు, ఒక విమానం టికెట్ ఖర్చుతో కొనుక్కునే బీమా.

టెక్సస్‌లోనే చేసుకుంటామంటే ఏ కౌంటీ క్లర్క్ దగ్గరికైనా ఇద్దరూ ఫొటో ఉన్న గుర్తింపుతో వెళ్లాలి. లైసెన్స్ చేతికిచ్చాక 72 గంటలు ఆగాలి. రాష్ట్రం గుర్తించిన పెళ్లికి ముందటి కోర్సు చేసివుంటే ఆ గడువు ఉండదు, ఫీజులో 60 డాలర్లు కూడా తగ్గుతుంది. లైసెన్స్ 90 రోజుల లోపే పనికొస్తుంది. పెళ్లయ్యాక పంతులుగారు సంతకం పెట్టిన ఆ కాగితం 30 రోజుల్లో తిరిగి క్లర్క్‌కు చేరాలి. హడావుడిలో దాన్ని పట్టుచీరల పెట్టెలో పెట్టి మరచిపోతారు. అది వెనక్కి చేరకపోతే రికార్డులో పెళ్లి నమోదు కాదు, సర్టిఫైడ్ కాపీ రాదు.

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో ఉంటాడు. తన స్నేహితుణ్ణి పెళ్లి చేసుకుంటానంటే మొదట కాదన్నాం, ఇప్పుడు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాం. మన పంతులుగారితో మన పద్ధతిలో చేయిస్తే చట్టప్రకారం చెల్లుతుందా?

చెల్లుతుందమ్మా, ముందు లైసెన్స్ తీసుకుంటే. లైసెన్స్ లేకుండా ఎన్ని మంత్రాలు చదివినా ఎంత అక్షింతలు పడినా అక్కడి చట్టానికి అది వేడుకే. న్యూజెర్సీలో మీకు ఇంకో ధీమా ఉంది. అక్కడ కోర్టు తీర్పుతో 2013 అక్టోబర్ 21 నుంచి ఈ పెళ్లిళ్లు జరుగుతున్నాయి. 2022 జనవరిలో శాసనసభే చట్టంగా రాసిపెట్టింది. అంటే కోర్టు మాట మారినా రాష్ట్ర చట్టం నిలబడుతుంది.

దరఖాస్తు ఇద్దరిలో ఒకరు నివసించే ఊరి రిజిస్ట్రార్ దగ్గర ఇవ్వాలి. వెంట 18 ఏళ్లు నిండిన ఒక సాక్షి రావాలి. పాస్‌పోర్టు, చిరునామా రుజువు, 28 డాలర్లు. ఇక్కడా 72 గంటలే కానీ లెక్క వేరు. టెక్సస్‌లో లైసెన్స్ ఇచ్చి ఆగమంటారు, న్యూజెర్సీలో దరఖాస్తు తీసుకుని ఆగి, తర్వాత లైసెన్స్ ఇస్తారు. కాబట్టి శనివారం ముహూర్తమైతే ఆ ముందటి సోమవారమే వెళ్లండి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేశాక చేసేదేమీ ఉండదు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక పడితే సర్టిఫికెట్ మీద మరుసటి రోజు తేదీ వేయించాలి. శుభలేఖలో ఒక తేదీ, సర్టిఫికెట్‌లో ఇంకో తేదీ ఉంటే రేపు వీసా అధికారి అడుగుతాడు.

మన వాళ్లకు ఎక్కువగా వచ్చే తంటా పేరుతో. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, అప్పుడు అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. లైసెన్స్ మీద పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయించండి. తర్వాత దిద్దించాలంటే నెలలు పడుతుంది.

ప్రశ్న: నేను అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాను. నా భాగస్వామి హైదరాబాద్‌లో ఉన్నాడు. ఆన్‌లైన్‌లో పెళ్లి చేసుకుని, జీవిత భాగస్వామికిచ్చే హెచ్-4 వీసాకి దరఖాస్తు చేయవచ్చా?

హెచ్-4కి స్త్రీపురుష జంటలకున్న నియమమే మీకూ. 2013 జూన్ 26న స్వలింగ వివాహాలను కేంద్రం గుర్తించాలంటూ విండ్సర్ తీర్పు వచ్చిన దగ్గర్నుంచి అమెరికా ఇమిగ్రేషన్ చూసేది ఒక్కటే: పెళ్లి జరిగిన చోట అది చెల్లుతుందా లేదా. మన దేశం గుర్తించకపోవడం దానికి అడ్డు కాదు.

ఆన్‌లైన్ పెళ్లిలో మాత్రం ఒక గోతి ఉంది. యూటా రాష్ట్రంలోని యూటా కౌంటీ వీడియో ద్వారా పెళ్లి జరిపి సర్టిఫికెట్ ఇస్తుంది, ఆ సర్టిఫికెట్ నిఖార్సైనదే. కానీ ఇద్దరూ ఒకే చోట లేకుండా జరిగిన పెళ్లిని ఇమిగ్రేషన్ చట్టం గుర్తించాలంటే, ఆ పెళ్లి తర్వాత మీరు కలిసి కాపురం చేసి ఉండాలి. పెళ్లికి ముందు మూడేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా అది లెక్కలోకి రాదు. కాబట్టి వీడియో పెళ్లయ్యాక మీరు ఇండియాకు వచ్చి కలవండి. పాస్‌పోర్టు ముద్రలు, ఇద్దరి పేర్లతో హోటల్ రసీదులు, బోర్డింగ్ పాసులు దాచుకోండి. ఇది తెలియక సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్తే తిరస్కరణ తప్పదు.

రెండో దారి, అతను సందర్శకులకిచ్చే బి-2 వీసాతో వచ్చి మీ రాష్ట్రంలో పెళ్లి చేసుకుని, గడువులోపు తిరిగి వెళ్లి హెచ్-4కి దరఖాస్తు పెట్టుకోవడం. సందర్శకుడు అమెరికాలో పెళ్లి చేసుకోవడం నేరం కాదు. వీసా ఇంటర్వ్యూలో మాత్రం అబద్ధం ఆడకూడదు. కాబోయే జీవిత భాగస్వామికిచ్చే కె-1 వీసా అమెరికా పౌరులకే, మీకు వర్తించదు. థాయ్‌లాండ్ మాటా చాలామంది అడుగుతున్నారు. అక్కడ 2025 జనవరి 23 నుంచి ఈ పెళ్లిళ్లు చట్టబద్ధం, విదేశీయులూ చేసుకోవచ్చు. కాకపోతే మీరు అవివాహితులని మీ దేశపు రాయబార కార్యాలయం నుంచి పత్రం కావాలి. అది చేతికి రాకముందే టికెట్లు కొనకండి.

మీ గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం పొందివుంటే అతను హెచ్-4 మీద పని అనుమతికీ దరఖాస్తు చేసుకోవచ్చు. గ్రీన్ కార్డు వరసలో మీ తేదీయే అతనికీ వర్తిస్తుంది.

ప్రశ్న: నాకూ నా భర్తకూ న్యూజెర్సీలో పెళ్లయింది. ఇద్దరం భారత పౌరులమే. గుంటూరు దగ్గర నా పేరున రెండెకరాల పొలం, హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ ఉన్నాయి. నాకేమైనా అయితే అవి అతనికి వస్తాయా?

ఇప్పుడున్న స్థితిలో రావు. 2023 అక్టోబర్ 17న సుప్రియో కేసులో మన సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడం శాసనసభల పని అంది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ వీగిపోయాయి. ఆ కేసులో సుప్రీంకోర్టు మెట్లెక్కింది హైదరాబాద్‌లో ఉండే జంటే. కాబట్టి మీ న్యూజెర్సీ సర్టిఫికెట్‌కు విదేశాల్లో చూపించడానికి వేసే అపోస్టిల్ ముద్రలు ఎన్ని వేయించినా మన రిజిస్ట్రార్ దృష్టిలో మీ భర్త పరాయివాడే. వీలునామా లేకుండా హిందూ పురుషుడు పోతే ఆస్తి ముందు మొదటి తరగతి వారసులకు వెళ్తుంది. భార్యాపిల్లలు లేరు కాబట్టి మీ అమ్మగారు ఉంటే మొత్తం ఆవిడకే. నాన్నగారు రెండో తరగతి, ఆవిడ లేకపోతేనే ఆయన వంతు.

అందుకని వీలునామా రాయండి. ఎవరికైనా రాయవచ్చు, బంధుత్వం అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి, మీ ఎదుట సంతకాలు చేయాలి. సాక్షులుగా మీకన్నా చిన్నవాళ్లను పెట్టుకోండి. తగవు వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి చెప్పాల్సి ఉంటుంది, అప్పటికి వాళ్లు బతికి ఉండాలి కదా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. బంధువులు అడ్డం తిరిగే చోట అదే కొండంత అండ.

'నా భర్తకు' అని మాత్రం రాయకండి. పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు రాయండి. చట్టం గుర్తించని బంధుత్వం మీద వీలునామాను నిలబెడితే ఎదుటి వకీలుకు ఆయుధం ఇచ్చినట్టే. అమెరికా ఆస్తికి అక్కడ విడిగా వీలునామా రాస్తారు. ఆ ప్రామాణిక పత్రాల్లో మొదటి వాక్యమే 'ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు' అని ఉంటుంది. అది అలాగే వదిలేస్తే గుంటూరు పొలం వీలునామా కూడా ఎగిరిపోతుంది. 'అమెరికాలోని ఆస్తికి సంబంధించినవి మాత్రమే' అని చేర్పించండి.

బతికుండగానే గిఫ్ట్ రాసిస్తానంటారేమో. ఎన్నారైకి వ్యవసాయ భూమిని గిఫ్ట్‌గా ఇవ్వడానికి విదేశీ మారక చట్టం (ఫెమా) నియమాలు ఒప్పుకోవు. ఒక ఎన్నారై ఇంకో ఎన్నారైకి ఫ్లాట్ గిఫ్ట్ ఇవ్వాలన్నా వాళ్లు చట్టం చెప్పిన బంధువులై ఉండాలి. అంటే మీకు మిగిలింది వీలునామాయే.

బ్యాంకు విషయంలో కొంత నయం. క్వీర్ వ్యక్తులు జాయింట్ ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి ఏ అడ్డూ లేదని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. బ్రాంచిలో కుదరదంటే ఆ ప్రకటన కాపీ చూపించండి. నామినీ అంటే డబ్బు అందుకునేవాడే, సొంతదారు కాదు. వారసులు వెనకనుంచి వచ్చి అడగొచ్చు. నామినేషన్, వీలునామా రెండింట్లోనూ ఒకే పేరుండాలి. జీవిత బీమాలో ఇది మరీ ముఖ్యం. సొమ్ము నేరుగా సొంతమయ్యే నామినీలుగా చట్టం చెప్పింది తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలనే.

ప్రశ్న: మేమిద్దరం స్త్రీలం, కాలిఫోర్నియాలో పెళ్లయింది. పాప పుట్టింది. బర్త్ సర్టిఫికెట్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. టెక్సస్‌కు మారుతున్నాం. ఇంకేమైనా కావాలా?

కావాలి. కనని తల్లి పేరు మీద కోర్టు నుంచి దత్తత ఉత్తర్వు తీసుకోండి. సొంత బిడ్డను దత్తత తీసుకోవడమేమిటని కోపం రావచ్చు, ఆ కోపం న్యాయమైనదే. కానీ బర్త్ సర్టిఫికెట్ ఆఫీసు రికార్డు మాత్రమే, ఇంకో రాష్ట్రంలో ఎవరైనా సవాలు చేయవచ్చు. కోర్టు ఉత్తర్వును మాత్రం ప్రతి రాష్ట్రమూ గౌరవించాలి. జార్జియాలో జరిగిన దత్తతను కాదన్న అలబామా కోర్టును 2016లో అమెరికా సుప్రీంకోర్టు సరిదిద్దింది. మీలాంటి జంటలకు కాలిఫోర్నియాలో మామూలుగా ఇంటి తనిఖీ లేకుండానే ఇది అయిపోతుంది. ఊరు మారకముందే చేయించండి.

ప్రశ్న: అమెరికాలో గే అని తెలిసి ఉద్యోగంలోంచి తీసేస్తే?

15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ అలా తీసేస్తే అది కేంద్ర చట్టానికి విరుద్ధమని 2020 జూన్ 15న బోస్టాక్ తీర్పు చెప్పింది. సమాన ఉపాధి కమిషన్‌కు 180 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. కొన్ని రాష్ట్రాల్లో 300 రోజులుంటుంది, మీరు 180 అనే లెక్కవేసుకోండి. హెచ్-1బి వారికి అసలు గడియారం వేరే, ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చేది 60 రోజులే. ఫిర్యాదు పెండింగ్‌లో ఉందని ఆ 60 పెరగదు. ముందు వీసా సంగతి చూసుకోండి.

ప్రశ్న: నేను ఆష్‌బర్న్, వర్జీనియాలో ఓటరును. పాత నిషేధాన్ని రాష్ట్ర రాజ్యాంగంలోంచి తీసేయడం అంత కష్టమా?

రాష్ట్రాన్ని బట్టి. నెవాడా ఓటర్లు 2020లో తీసేశారు. 2024 నవంబర్‌లో కాలిఫోర్నియా, కొలరాడో అదే పని చేశాయి, హవాయి మాత్రం నిషేధించే అధికారాన్ని శాసనసభకిచ్చిన వాక్యాన్ని తీసేసింది. వర్జీనియాలో 2006 నాటి నిషేధాన్ని తీయాలంటే జనరల్ అసెంబ్లీ ఒకసారి ఆమోదించాలి, మధ్యలో ప్రతినిధుల సభ ఎన్నిక జరగాలి, కొత్త సభ అక్షరం మారకుండా అదే పాఠాన్ని మళ్లీ ఆమోదించాలి, ఆ తర్వాత ఓటర్ల దగ్గరికి రావాలి. 2025లో మొదటి మెట్టు ఎక్కింది. అందుకే అక్కడ ప్రతినిధుల సభ ఎన్నిక చిన్నది కాదు. మీ బ్యాలట్ మీద రాజ్యాంగ సవరణ ప్రశ్నలు అభ్యర్థుల పేర్ల తర్వాత వస్తాయి, కాగితం వెనకవైపు కూడా చూడండి.