మాండరిన్ ఫిష్ పెల్లెట్లు ముట్టట్లేదు, పొట్ట లోపలికి పోయింది (సమాధానం)

మీ మాండరిన్‌కు (ఉప్పునీటి అక్వేరియం చేప) జబ్బు కాదు, ఆకలి. నీళ్లలో అమ్మోనియా సున్నా, ట్యాంక్ వయసు నాలుగు నెలలు, మూడు వారాలుగా పెల్లెట్లు (గుళికల మేత) వేస్తున్నా ముట్టట్లేదు అన్నారు కదా. మాండరిన్ రోజంతా రాళ్ల మీద కోపెపాడ్లను, అంటే నలుసంత జలచరాలను, ఒక్కొక్కటే ఏరుకు తింటుంది. అంత కొత్త ట్యాంకులో అవి ఎప్పుడో అయిపోయి ఉంటాయి.

చాలామంది మర్చిపోయేది మాండరిన్‌ను మిగతా చేపల నుంచి వేరుచేయడం. బతికున్న మేత వేసినా, ఇది కళ్లు తిప్పి చూసి నోరు చాచేలోపు మీ క్లౌన్ చేపలు ఊడ్చేస్తాయి.

1. అదే ట్యాంకులో బ్రీడింగ్ బాక్స్ (చేపను విడిగా ఉంచే చిన్న పెట్టె) తగిలించి అందులోకి మార్చండి. వల వద్దు, గ్లాసుతో పట్టండి, చెంప ముళ్లు వలలో ఇరుక్కుంటాయి.

2. ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యలు) గుడ్లు పొదిగించండి: లీటరు నీళ్లకు 25 గ్రాముల ఉప్పు, 28 డిగ్రీలు, ఎయిర్ పంపు. దాదాపు ఒక రోజులో పిల్లలొస్తాయి. వడగట్టి కడిగి రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా వేయండి. నిన్నటివి వద్దు, వాటిలో సత్తువ ఉండదు.

3. మేతను ఠక్కున నోటితో అందుకోవడం మొదలెట్టాక, కరిగించిన ఫ్రోజెన్ ఆర్టీమియా కొంచెం కలపండి. తొందరపెట్టకండి, దయచేసి.

4. ఈలోగా కోపెపాడ్లు తెచ్చి, రాత్రి లైట్లు ఆపాక, పంపు అరగంట ఆపి రాళ్ల సందుల్లో వదలండి. సంప్ (ట్యాంకు కింద ఫిల్టర్ ఉండే రెండో తొట్టి) ఉంటే అందులో కీటో నాచు (కీటోమార్ఫా) పెట్టండి, ఆ నాచులో కోపెపాడ్లు పెరుగుతాయి.

రాగి మందు మాత్రం వేయకండి, కోపెపాడ్లు చచ్చిపోతాయి.

పొట్ట నిండుగా కనబడి, ఫ్రోజెన్ మేత కూడా తింటుంటేనే బాక్స్‌లోంచి ట్యాంకులోకి వదలండి.