అక్కతో ఒక మాట: ఫోన్లో ‘సార్’ అన్నప్పుడు...

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్లు. ట్రాన్స్ మహిళని, పుట్టినప్పుడు అబ్బాయినన్నారు. హార్మోన్లు మొదలుపెట్టి ఏడాది దాటింది. అద్దంలో నన్ను నేను చూసుకోవడం ఇప్పుడిప్పుడే ఇష్టమవుతోంది. కానీ నోరు విప్పానా, అంతా పోతుంది. నా ఉద్యోగంలో రోజంతా ఫోన్లే. అవతలివాళ్లు ‘చెప్పండి సార్’ అనగానే ఇక ఆ పూటంతా మాట పెగలదు. ఈ ఆఫీసులో అమ్మాయిగానే చేరాను, ట్రాన్స్ అని ఇద్దరికే తెలుసు. ‘అందరికీ చెప్పెయ్, దాచుకోవడం అబద్ధమాడటమే’ అంటుంది నా స్నేహితురాలు. అంత ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకోను?

జవాబు: చెల్లీ, ముందు గొంతు సంగతి చూద్దాం. ఈడొచ్చేటప్పుడు టెస్టోస్టిరాన్ వల్ల స్వరతంత్రులు పొడవై మందమవుతాయి. ఆ తర్వాత ఎంతకాలం ఈస్ట్రోజన్ వాడినా అవి మళ్లీ సన్నబడవు. కాబట్టి మందులు నీకు పనిచేయడం లేదని బెంగపడకు. గొంతు వరకూ మొదటి దారి సాధనే.

మాట్లాడేటప్పుడు మగవాళ్ల స్వరతంత్రులు సుమారుగా సెకనుకు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లవి 180 నుంచి 220 సార్లు కంపిస్తాయి. మనలో చాలామంది ఈ అంకె పట్టుకుని, గొంతు బిగించి పైస్థాయిలో మాట్లాడి, సాయంత్రానికి బొంగురుపోతారు. అలా చేయకు. వినేవాళ్లు శ్రుతి ఒక్కటే వినరు. మాట ఛాతీలో మోగుతోందా, నోటి ముందు భాగంలో మోగుతోందా అన్నది కూడా వాళ్ల చెవికి తెలుస్తుంది. దానికి స్వరశిక్షణలో ఒక అభ్యాసం ఉంది. శబ్దం చేయకుండా పెద్ద కుక్క వగర్చినట్టు వగర్చు, తర్వాత చిన్న కుక్కపిల్లలా వగర్చు. మెడ మీద వేలు పెట్టుకుంటే, రెండోసారి స్వరపేటిక కాస్త పైకి జరగడం తెలుస్తుంది. అక్కడి నుంచి నెమ్మదిగా నీ పేరు పలుకు, తర్వాత ఒక వాక్యం. రికార్డు చేసి విను. మొదట్లో వినబుద్ధి కాదు, అయినా విను. నొప్పి పుడితే ఆ రోజుకి ఆపెయ్. ట్రాన్స్ వ్యక్తులకు నేర్పిన అనుభవమున్న స్పీచ్ థెరపిస్ట్ దొరికితే మరీ మంచిది. నాకు నెలలు పట్టింది, నీకూ పడుతుంది.

ఈలోగా ఫోన్ మోగుతూనే ఉంటుంది కదా. అవతలివాళ్లు పిలిచేలోపే నీ పేరు నువ్వే చెప్పెయ్. అయినా ‘సార్’ అంటే, ‘మేడమ్ అండీ. మీ వివరాలు చెప్పండి’ అని వెంటనే పనిలోకి వెళ్లిపో. వివరణ వద్దు, క్షమాపణ అసలే వద్దు. చాలామంది ‘ఓ, సారీ మేడమ్’ అని సర్దుకుంటారు. కావాలని మళ్లీ మళ్లీ అనేవాడు ఎవడో ఒకడు ఉంటాడు. వాడి పనీ పూర్తిచేసి ఫోన్ పెట్టెయ్. వాడి నోటిని బాగుచేయడం నీ ఉద్యోగంలో భాగం కాదు.

ఇక ధైర్యం. అది ముందుగా సమకూర్చుకుని, తర్వాత బయటికి వచ్చినవాళ్లను నేను చూడలేదు. నేను కాలేజీలో లెక్కలు చెప్తాను. కొత్త పేరుతో మొదటిసారి క్లాసులోకి వెళ్లిన రోజు సుద్దముక్క పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. బోర్డు మీద నా పేరు రాసి, దాని కింద ఆ రోజు చెప్పాల్సిన సమీకరణం రాశాను. గంట గడిచేసరికి పిల్లల సందేహాలన్నీ ఆ సమీకరణం గురించే. భయం ఆ రోజే పోలేదు. కానీ భయపడుతూనే పాఠం చెప్పగలనని తెలిసింది, మర్నాడు క్లాసుకి వెళ్లడానికి నాకు అది సరిపోయింది.

నీ స్నేహితురాలి మాట మాత్రం నేను ఒప్పుకోను. లిన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఉండేవారు. తాను స్త్రీగా మారబోతున్నానని చెప్పినందుకు 1968లో ఐబీఎం ఆవిడని ఉద్యోగంలోంచి తీసేసింది. ఆవిడ కొత్త పేరుతో మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టారు. కార్వర్ మీడ్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి కంప్యూటర్ చిప్‌ల రూపకల్పన పద్ధతినే మార్చేశారు. వాళ్లిద్దరూ రాసిన పాఠ్యపుస్తకం 1980లో వచ్చింది. అన్నేళ్లూ తన గతం బయట పెట్టలేదు. ఐబీఎంలో ఆవిడ చేసిన పాత పనిని చరిత్రకారులు తవ్వుతున్నారని తెలిశాక, 1999 ప్రాంతంలో తనే చెప్పుకున్నారు. 2020లో, అంటే 52 ఏళ్లకి, ఐబీఎం క్షమాపణ చెప్పింది. మౌనంగా ఉన్న ఆ మూడు దశాబ్దాలూ ఆవిడ అబద్ధంగా బతికారని అనగలమా? అప్పుడు ఆవిడకి భద్రత కావాలి, పని కావాలి. ఆ రెండూ కాపాడుకున్నారు.

నువ్వు ఆఫీసులో చెప్తున్న పేరు నీదే, బతుకుతున్న బతుకూ నీదే. నీ వైద్య చరిత్ర తెలుసుకునే హక్కు పక్క సీటువాళ్లకి లేదు. చెప్పాలనిపిస్తే చెప్పు, కానీ ఎవరో నిజాయతీ పరీక్ష పెట్టారని చెప్పకు. చెప్పేముందు మూడోవాళ్ల గురించి ఆ మనిషి ఎలా మాట్లాడతారో కొన్నాళ్లు గమనించు. ఉద్యోగం పోతే ఎక్కడ తలదాచుకుంటావో, చేతిలో ఎంత ఉందో కూడా చూసుకో.

ప్రశ్న: నేను ట్రాన్స్ పురుషుడిని, 21 ఏళ్లు. బైండర్ (ఛాతీ చదునుగా కనిపించేలా వేసుకునే బిగుతు లోదుస్తు) కొనే వీలు లేక ఛాతీకి క్రేప్ బ్యాండేజి చుట్టుకుంటున్నాను. ఒక్కోసారి ఊపిరాడదు, కానీ అది లేకుండా బయటికి వెళ్లలేను. ఇంకో బాధ: పాత పేరుతో తెచ్చుకున్న గుర్తింపంతా వృథా అవుతుందా?

జవాబు: తమ్ముడూ, ఆ బ్యాండేజి ఈరోజే తీసెయ్. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ వ్యాకోచించాలి, చుట్టిన బ్యాండేజి దాన్ని నొక్కిపెడుతుంది. పక్కటెముకలు దెబ్బతినే ప్రమాదం ఉంది. బిగుతుగా ఉండే స్పోర్ట్స్ బ్రా, దాని మీద వదులు చొక్కా, వీలైతే పైన ఇంకో చొక్కా వేసుకో. బైండర్ కొన్నాక కూడా సరైన కొలతే తీసుకో, ఒక సైజు తగ్గించి కొనకు. రోజుకి 8 గంటలకి మించి వద్దు. దాంతో నిద్రపోవద్దు, వ్యాయామం చేయొద్దు. వారంలో కొన్ని రోజులు ఒంటికి సెలవివ్వు. ఊపిరాడకపోయినా నొప్పి పుట్టినా తీసేయాల్సిందే, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. నీ ఛాతీని చూసి నిన్ను మగవాడివని ఒప్పుకోవాల్సిన పని ఎవరికీ లేదు, నీ ఊపిరితిత్తులు మాత్రం జీవితాంతం నీకు కావాలి.

గుర్తింపు ఎక్కడికీ పోదు. స్టాన్‌ఫర్డ్‌లో మెదడు కణాల మీద పరిశోధన చేసిన బెన్ బారెస్ 1997లో, నలభై దాటాక, పురుషుడిగా మారారు. ఆ తర్వాత ఆయన ఉపన్యాసం విన్న ఒకాయన, ఈయన పని వాళ్ల చెల్లెలి పనికన్నా చాలా బాగుందన్నాడట. ఆ ‘చెల్లెలు’ కూడా ఆయనే! శాస్త్రరంగంలో ఆడవాళ్లని ఎలా చిన్నచూపు చూస్తారో చెప్పడానికి బారెస్ తన రెండు జీవితాలనీ సాక్ష్యంగా పెట్టారు. 2013లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కి ఎన్నికయ్యారు. నీ సర్టిఫికెట్లలో పేరు మార్పించుకునే పని మాత్రం వాయిదా వేయకు, దానికి సమయం పడుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి తనని అబ్బాయిగా పిలవమంటోంది. ఇది మానసిక జబ్బేమోనని మా బంధువులు అంటున్నారు. తల్లిగా నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేసింది. 2019లో ఆమోదించిన ఆ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

బిడ్డ అడిగిన పేరుతో పిలవండి. అమెరికాలో 15 నుంచి 21 ఏళ్ల మధ్య ఉన్న 129 మంది ట్రాన్స్ యువతతో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఇల్లు, చదువు, పని, స్నేహితులు, ఇలా ఎన్ని చోట్ల తాము ఎంచుకున్న పేరుతో పిలిపించుకోగలిగితే, వాళ్లలో కుంగుబాటు, చనిపోవాలన్న ఆలోచనలు అంత తక్కువగా కనిపించాయి. ఆ నాలుగు చోట్లలో ఒకటి పూర్తిగా మీ చేతిలో ఉంది.

మొదట్లో పాత పేరే నోటికొస్తుంది. వెంటనే సరిదిద్దుకుని మాట కొనసాగించండి. అయ్యో అలా అనేశానే అని కన్నీళ్లు పెట్టుకోకండి. అప్పుడు మిమ్మల్ని ఓదార్చే పని కూడా మీ అబ్బాయి మీదే పడుతుంది.