ఇంకో నెట్ లైను కాదన్నా, మిద్దె మీద ఒక తీగ కట్టండి

వానకు బ్రాడ్‌బ్యాండ్ పోయి ఎకోలింక్ (హ్యామ్ రేడియోలను ఇంటర్నెట్ మీదుగా కలిపే ఏర్పాటు) ఆగింది, కర్నూలు రిపీటర్‌కూ (సిగ్నల్ అందుకుని తిరిగి పంపే స్టేషన్‌కూ) అనంతపురం, కడప వాళ్ళకూ మాట తెగింది, ఇంకో కంపెనీ లైను తీసుకోవాలా అని అడిగారు కదన్నా. నా మాటైతే వద్దు. రెండు లైన్లూ మీ వీధిలో అదే స్తంభం మీదుగా రావచ్చు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకొచ్చినట్టు మళ్ళీ వస్తే కంపెనీ ఏదైతే ఏం?

ఆ డబ్బుతో, నెట్ లేకుండా రేడియోతోనే నేరుగా మాట్లాడేందుకు, 40 మీటర్ల తరంగదైర్ఘ్యపు బ్యాండుకు డైపోల్ (మధ్య నుంచి రెండు వైపులా తీగ చాచిన యాంటెన్నా) కట్టండి. 7.1 మెగాహెర్ట్జ్‌కు అటు 10 మీటర్లు, ఇటు 10 మీటర్ల తీగ. కాస్త ఎక్కువే కత్తిరించి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కొస్తుందో చెప్పే కొలత) చూస్తూ తగ్గించుకోండి. ఎత్తుకు ఆశపడొద్దు. ఐదారు మీటర్లలో ఉన్నా సిగ్నల్ నిట్టనిలువుగా పోయి, పైన వాతావరణంలోని అయనోస్ఫియర్ పొరకు తగిలి, చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర గొడుగులా దిగుతుంది. అనంతపురం, కడప రెండూ ఆ గొడుగు కిందే. మాది పిట్టగోడకు కట్టిన వెదురుబొంగు. ఇంట్లోవాళ్ళు ఆ తీగ మీద బట్టలు ఆరేయకుండా కాపలా కాయడమే నా తలనొప్పి. పగలు బాగా పలుకుతుంది. రాత్రి ఆ సిగ్నల్ తరచూ వెనక్కి రాకుండా పైకి దాటిపోతుంది, అప్పుడు 80 మీటర్ల బ్యాండుకు మారాలి.

ఎకోలింక్ తీసేయమనను. దూరదేశాల్లో ఉన్న మనోళ్ళతో ముచ్చటకు అదే హాయి. కానీ నెలకో ఆదివారం రౌటర్ ఆపేసి, ఉత్త 12 వోల్టుల బ్యాటరీ మీద మాట్లాడి చూడండి. మేం మొదటిసారి చేసినప్పుడు రేడియోకేం కాలేదు, బ్యాటరీ క్లిప్పు తుప్పు పట్టి పది నిమిషాలకే ఆగింది.

రిపీటర్ దగ్గర ఎన్ని ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉందో చెప్పండి, ఎన్ని గంటలు నిలుస్తుందో లెక్కేద్దాం.