జంపర్ వేయనన్న అబ్బాయికి ఏ దారి?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఏడాదిగా ప్యాకింగ్ యంత్రాల ప్యానల్ వైరింగ్ పనిలో ఉన్నాడు. సర్వో డ్రైవ్ (మోటారును నడిపే పరికరం) మీది ఎస్‌టీఓ (మోటారును భద్రంగా ఆపే) టెర్మినళ్లకు జంపర్, అంటే నేరుగా కలిపే తీగ, వేయమంటే వేయనన్నాడట. సూపర్‌వైజరుకు కోపం వచ్చింది. ఉద్యోగం మాన్పించి ఈసెట్ రాయించమంటారా?
- ఒక తండ్రి, సంగారెడ్డి

జవాబు: మాన్పించే ముందు ఒకటి కనుక్కోండి. యంత్రం డ్రాయింగు చూశాక వేయనన్నాడా, చూడకుండానే అన్నాడా?

సర్వో డ్రైవ్‌కు ‘సర్వో ఆన్’ అనే మామూలు సంకేతం పీఎల్‌సీ, అంటే యంత్రాన్ని నడిపే కంట్రోలు కంప్యూటర్, నుంచి వస్తుంది. డ్రైవ్‌లోని సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి మోటారును లేపుతుంది. ఎస్‌టీఓ, అంటే సేఫ్ టార్క్ ఆఫ్, వేరు. సేఫ్టీ రిలే (ఎమర్జెన్సీ బటన్ లాంటివాటిని కనిపెట్టుకుని ఉండే పరికరం) నుంచి రెండు ఛానళ్లలోనూ 24 వోల్టులు అందుతున్నంతసేపే మోటారుకు బలం ఉంటుంది. జంపర్ వేస్తే ఆ 24 వోల్టులు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి. ఒక తీగ నలిగి పక్క తీగకు తాకినా రెండోది కాపాడాలనే ఈ జంట ఏర్పాటు.

ఎస్‌టీఓ వాడని యంత్రాల కోసం చాలా కంపెనీలు డ్రైవ్‌తో పాటే జంపర్ ప్లగ్ ఇస్తాయి. కాబట్టి సూపర్‌వైజరుది తప్పని ఇప్పుడే అనలేను. డ్రైవ్‌కు ముందు సేఫ్టీ కాంటాక్టర్లు (కరెంటును తెంచే పెద్ద స్విచ్‌లు) పెట్టి కరెంటే తీసేసేలా డిజైన్ చేసి ఉండవచ్చు. అవీ లేక, యంత్రాన్ని ఆపే ఎర్ర ఎమర్జెన్సీ బటన్ తీగ నేరుగా మామూలు పీఎల్‌సీకి పోతోందంటే మాత్రం మీవాడి మాటే నిజం. కవర్లు అతికించే దవడల మధ్య ఇరుక్కున్న ముక్కను వేలితో లాగే ఆపరేటరుకు అప్పుడు సాఫ్ట్‌వేరే దిక్కు.

ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. డిజైన్ విభాగానికి వెళ్లాలంటే పట్టా అక్కరకొస్తుంది, కాదనను. కానీ ఈ విద్య తరగతి గదిలో దొరికేది తక్కువ. నేనైతే ఇంకో ఏడాది ఉండి, వైరింగ్ నుంచి కమిషనింగ్‌కు, అంటే యంత్రాన్ని పరీక్షించి నడిపించే పనికి, మారమంటాను. బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో ఆటోమేషన్ కోర్సుల గురించి కూడా ఒకసారి వెళ్లి కనుక్కోండి.

అన్నిటికంటే ముందు డ్రైవ్ మాన్యువల్‌లో భద్రత అధ్యాయం చదవాలి. మన కుర్రాళ్లు నేరుగా పారామీటర్ల పట్టికకు దూకి, దాన్ని వదిలేస్తారు. ఎస్‌టీఓ పనిచేసి మోటారుకు బలం పోగానే పైకీ కిందికీ కదిలే భాగం, బ్రేకు లేకపోతే, తన బరువుకే జారిపోతుందని అందులోనే ఉంటుంది. మోటారు ఆగినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ మిగిలి ఉంటుంది. ముట్టుకునే ముందు ఎన్ని నిమిషాలు ఆగాలో డ్రైవ్ మీది లేబుల్ చెబుతుంది. ఐఎస్ఓ 13849-1, ఐఈసీ 61800-5-2 అనే భద్రతా ప్రమాణాలు ఆ తరువాత. ఇంటర్వ్యూల్లో వాటి పేర్లు వల్లించేవాళ్లు బోలెడుమంది. ఒక ఛానల్ తీగ ఊడదీసి యంత్రం ఆగుతుందా, బటన్ తిరిగి పైకి లాగినంత మాత్రాన తనంతట తాను కదులుతుందా అని పరీక్షించి చూపేవాళ్లు అరుదు.

ఈ వారం ఒక పని చేయమనండి. డ్రాయింగు పేజీ నంబరు వేసి, ‘ఎస్‌టీఓకు జంపర్ వేస్తే ఈ యంత్రాన్ని ఆపేది ఏది?’ అని మర్యాదగా, రాతపూర్వకంగా సూపర్‌వైజరును అడగాలి. జవాబు కాగితం మీదికి రాకపోతే నాకు మళ్లీ రాయండి, వేరే కంపెనీ వెతుకుదాం.